రుబిడియం–ఆర్గాన్: డి2 నుంచి డి1కు బదిలీ వెయ్యి రెట్లు వస్తోంది, వెనక్కి మాత్రం సున్నా

1. వేడిసెల్లు
మూడు వారాలుగా ఒకే కొలత దగ్గర ఆగిపోయాను. తప్పు ఎక్కడుందో మీలో ఎవరికైనా తట్టవచ్చునని రాస్తున్నాను. మూసిన గాజు సెల్లులో రుబిడియం ఆవిరితోపాటు 10 టార్ పీడనంలో ఆర్గాన్ ఉంది. సెల్లు ఉష్ణోగ్రత 67 డిగ్రీల సెల్సియస్, అంటే 340 కెల్విన్. 780 నానోమీటర్ల డయోడ్ లేజర్‌తో డి2 గీతను ఉత్తేజపరిచి, పక్కనుంచి వచ్చే ప్రతిదీప్తిని 795 నానోమీటర్ల ఫిల్టర్ గుండా చూస్తున్నాను. ఉత్తేజిత రుబిడియాన్ని ఆర్గాన్ పరమాణువు ఢీకొన్నప్పుడు రుబిడియం డి2 కాంతినిచ్చే 5పి 3/2 స్థాయి నుంచి దానికి కాస్త కిందున్న 5పి 1/2 స్థాయికి దిగి, అక్కడి నుంచి డి1 కాంతిని వెలువరించాలి. వెలువరిస్తున్నట్టే కనిపిస్తోంది: 780 దగ్గర వచ్చే సంకేతంలో సుమారు 3 శాతం 795 దగ్గర కూడా వస్తోంది.

ఆ 3 శాతాన్ని బట్టి లెక్కకడితే బదిలీ క్రాస్‌సెక్షన్ (ఢీకొన్నప్పుడు బదిలీ జరిగే అవకాశాన్ని వైశాల్యంగా చెప్పే కొలత) 0.8 చదరపు ఆంగ్‌స్ట్రామ్ తేలుతోంది. ప్రచురిత విలువలేమో ఒక చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లో వెయ్యో వంతు దరిదాపుల్లో ఉన్నాయి. ఇక 795 లేజర్‌తో డి1ను ఉత్తేజపరిచి 780 ఫిల్టర్ పెడితే నాయిస్ తప్ప ఏమీ రావడం లేదు. పైనుంచి కిందికి దిగడం సులువు, కిందినుంచి పైకి ఎక్కడం కష్టం కాబట్టి ఈ రెండోది నాకు వింతగా అనిపించలేదు. మొదటిదే మింగుడు పడటం లేదు.

2. జారుడుబండ
రెండో విషయంలో మీ ఆలోచన సరైనదే. రెండు స్థాయుల మధ్య 237.6 వేవ్‌నంబర్ల (ఇక్కడ శక్తిని కొలిచే ప్రమాణం) అంతరం ఉన్నప్పుడు పైకి ఎక్కడానికి కావలసిన శక్తిని ఆర్గాన్ పరమాణువు తన చలనం నుంచే ఇవ్వాలి. అంత శక్తి ఉన్న తాడనాలు, అంటే ఢీకొనడాలు, అరుదు. సున్నా రావడంలో ఆశ్చర్యమేముంది?

3. లెక్కలమాస్టారు
2వ పోస్టుతో నేను ఏకీభవించలేను. 340 కెల్విన్ దగ్గర ఉష్ణశక్తి, అంటే కేటీ (బోల్ట్జ్‌మన్ స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధం), దాదాపు 236 వేవ్‌నంబర్లు. మెట్టు ఎత్తు, ఉష్ణశక్తి ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడు ఎక్కగల తాడనాలను అరుదు అనడం కుదరదు. దానికితోడు పై స్థాయిలో నాలుగు ఉపస్థితులుంటే కింది స్థాయిలో రెండే ఉన్నాయి. కాబట్టి పైకి వెళ్లే రేటును కిందికి వచ్చే రేటుతో భాగిస్తే, రెండుతో హెచ్చించిన ఎక్స్‌పొనెన్షియల్ మైనస్ 237.6/236, అంటే సుమారు 0.73 రావాలి. ఇది ఏ నమూనా మీదా ఆధారపడిన ఫలితం కాదు. ఉష్ణ సమతాస్థితిలో ఉన్న వాయువు ఏదైనా, ఆర్గాన్ అయినా హీలియం అయినా, వాటి మధ్య బలాలు ఎలాంటివైనా, ఈ నిష్పత్తి మారదు.

అందువల్ల కిందికి 3 శాతం నిజమైతే పైకి కనీసం 2 శాతం కనిపించి తీరాలి. పైకి సున్నా నిజమైతే కిందికి వచ్చిన 3 శాతం ఆర్గాన్ తాడనాల వల్ల వచ్చింది కాదు. వేడిసెల్లు గారు మింగుడు పడటం లేదన్న సంఖ్యను కాసేపు పక్కనపెట్టి, వింత కాదని వదిలేసిన సున్నా నుంచి వెతకడం మంచిది.

4. జారుడుబండ
ఉపస్థితుల సంఖ్య నేను లెక్కలోకి తీసుకోలేదు, ఒప్పుకుంటున్నాను. సీజియమైతే నా మాట నిలిచేదేమో.

5. లెక్కలమాస్టారు
సీజియంలో అంతరం 554 వేవ్‌నంబర్లు, కాబట్టి గది ఉష్ణోగ్రత దగ్గర నిష్పత్తి 0.14కు పడిపోతుంది. మీ మాట సగం నిలుస్తుంది. సోడియంలో అంతరం 17.2 మాత్రమే. అక్కడ నిష్పత్తి 1.84, అంటే పైకి ఎక్కడమే ఎక్కువ.

6. ఆవిరిపొర
నాకు మొదట అనుమానం వచ్చేది కాంతి చిక్కుకుపోవడం మీద. 67 డిగ్రీల దగ్గర రుబిడియం సాంద్రత ఘన సెంటీమీటరుకు కొన్ని 10¹¹లు ఉంటుంది. డాప్లర్ విస్తరణ (పరమాణువుల చలనం వల్ల గీత వెడల్పవడం) కలిపి చూసినా రెజొనెన్స్ దగ్గర శోషణ క్రాస్‌సెక్షన్ సుమారు 10⁻¹¹ చదరపు సెంటీమీటర్లు కాబట్టి ఫోటాను కొన్ని మిల్లీమీటర్లు కూడా పోకుండానే మరో పరమాణువు దాన్ని మింగుతుంది. ఆ పరమాణువు మళ్లీ విడుదల చేస్తే మూడోది మింగుతుంది. బయటికి వచ్చేసరికి ఉత్తేజం సెల్లులో గడిపిన కాలం ఒక్క పరమాణువు ఉత్తేజంలో ఉండే 26 నానోసెకన్లు కాదు, దానికి ఎన్నో రెట్లు. బదిలీ రేటు లెక్కలో మీరు 26 నానోసెకన్లే వేసి ఉంటే క్రాస్‌సెక్షన్ ఎక్కువగా తేలడం సహజం. ఈ చిక్కుకు హోల్‌స్టీన్ 1947లోనే సిద్ధాంతం రాశారు. ఇప్పటికీ దీన్ని మరచిపోయి కొలిచేవాళ్లకు కొదవ లేదు, వాళ్లలో నేనూ ఒకణ్ణి.

7. సగటువేగం
చిక్కుకుపోవడం మూడు రెట్లకో పది రెట్లకో సమాధానం చెప్పగలదు. వెయ్యి రెట్లకు చెప్పాలంటే ఫోటాను 26 మైక్రోసెకన్లు సెల్లులోనే తిరగాలి. ఈ సాంద్రతకు అది కుదరదు. పైగా అది రెండు దిశల్లోనూ సంకేతాన్ని పెంచుతుందే కాని, ఒక దిశలో పెంచి రెండో దిశలో తుడిచిపెట్టదు. 3వ పోస్టులోని అభ్యంతరం అలాగే ఉంది.

8. వేడిసెల్లు
ఆవిరిపొర గారి సూచన చూశాక సెల్లును 40 డిగ్రీలకు దించి మళ్లీ కొలిచాను. రుబిడియం సాంద్రత దాదాపు పదో వంతుకు తగ్గింది, సంకేతాలు రెండూ బాగా తగ్గాయి, కానీ వాటి నిష్పత్తి మాత్రం అదే 3 శాతం. కాబట్టి కాంతి చిక్కుకుపోవడం కాదని తేలింది. రుబిడియం, రుబిడియం ఢీకొనడం వల్ల జరిగే బదిలీ కూడా కాదని అనుకుంటున్నాను.

9. ఆవిరిపొర
నా ఊహ పోయింది. నిష్పత్తి సాంద్రతతో ఏమాత్రం మారకపోవడం మాత్రం నాకు కొత్తగానే ఉంది.

10. గాజుగొట్టం
సెల్లులో ఆర్గాన్ ఒక్కటే ఉందని ఎలా చెప్పగలరు? ఒకప్పుడు నాకు వచ్చిన సెల్లు మీద శుద్ధ నియాన్ అని రాసి ఉంది. కొలతలు ఎంతకీ కుదరకపోతే చివరికి సెల్లు పగలగొట్టించి వాయువును పరీక్షిస్తే అందులో నైట్రోజన్ బయటపడింది. నైట్రోజన్ లాంటి అణువులకు భ్రమణ స్థాయులు దగ్గర దగ్గరగా ఉండటం వల్ల 237 వేవ్‌నంబర్ల శక్తిని అవి అక్కడే సర్దుకోగలవు. రుబిడియంతో వాటి బదిలీ క్రాస్‌సెక్షన్ 20 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. ఆర్గాన్‌తో పోలిస్తే అది పదివేల రెట్లకు పైమాటే. మీ 3 శాతానికి 0.35 టార్ నైట్రోజన్ ఉంటే చాలునని నా లెక్క.

11. సగటువేగం
0.35 టార్ అంటే 10 టార్‌లో మూడున్నర శాతం కల్తీ. అంత అయినా ఉండవచ్చు గాక, నైట్రోజన్ కూడా 0.73 నియమాన్ని దాటలేదు కదా. అది పైకీ బదిలీ చేస్తుంది.

12. గాజుగొట్టం
అవును, ఆ సున్నాను మరచిపోయాను. కల్తీ లేదని తేలినందుకు సెల్లు తయారుచేసినవాళ్ల తరఫున సంతోషిస్తున్నాను.

13. కొత్తచేరిక
నాది మౌలికమైన సందేహం, ఓపికతో భరించండి. అదే ఆర్గాన్, సోడియంతో ఢీకొంటే స్థాయుల మధ్య బదిలీ క్రాస్‌సెక్షన్ 100 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా ఉంటుందని చదివాను. రుబిడియంతో చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లో వెయ్యో వంతు ఎలా అవుతుంది? రెండూ క్షార లోహాలే, రెండింటి బయటి కక్ష్యలో ఒక్కటే ఎలక్ట్రాన్. లక్ష రెట్ల తేడా ఎక్కడినుంచి వస్తోంది?

14. లెక్కలమాస్టారు
ఈ ప్రశ్నకు ఓపిక చేసుకోవడం కష్టమేమీ కాదు, ఈ చర్చలో అన్నిటికన్నా అందమైన భాగం ఇదే. సూక్ష్మ నిర్మాణ అంతరాన్ని, అంటే ఈ రెండు స్థాయుల మధ్య తేడాను, శక్తిగా కాక ఒక ఊగుడుగా ఊహించండి. సోడియంలో 17.2 వేవ్‌నంబర్లు అంటే సెకనుకు 0.52 లక్షల కోట్ల ఊగులు. రుబిడియంలో 7.1 లక్షల కోట్లు, సీజియంలో 16.6 లక్షల కోట్లు. ఇప్పుడు తాడనం ఎంతసేపు జరుగుతుందో చూద్దాం. పరమాణువులు ఒకదానిపై ఒకటి బలంగా పనిచేసే దూరం 3 ఆంగ్‌స్ట్రామ్‌లు అనుకుందాం. ఆర్గాన్, రుబిడియం సాపేక్ష వేగం 340 కెల్విన్ దగ్గర సెకనుకు సుమారు 510 మీటర్లు కాబట్టి తాడనం 0.58 పికోసెకన్లు సాగుతుంది. అంతలో రుబిడియం నాలుగు సార్లు పూర్తిగా ఊగుతుంది. అంటే ఆర్గాన్ నెమ్మదిగా వచ్చి నెమ్మదిగా నొక్కి వెళ్లిపోతుంది. ఎలక్ట్రాన్ ఆ నొక్కుడుకు తగినట్టు సర్దుకుని, ఆర్గాన్ దూరమయ్యాక ఎప్పటి స్థాయికే తిరిగి వస్తుంది. బదిలీ జరగదు.

సోడియం, ఆర్గాన్ జంటకు తాడన కాలం దాదాపు 0.4 పికోసెకన్లు. ఆ వ్యవధిలో సోడియం ఊగేది ఐదో వంతు ఊగు మాత్రమే. ఎలక్ట్రాన్ సర్దుకునే లోపే దెబ్బ తగిలిపోతుంది, ఏ స్థాయిలో మిగులుతుందన్నది ఉపస్థితుల సంఖ్యకు వదిలేసినట్టే. నిద్రపోతున్నవాణ్ణి మెల్లగా పక్కకు జరపడానికీ, మంచం ఎత్తి కుదేయడానికీ ఉన్న తేడా ఇది. మాసీ ప్రమాణం అని పుస్తకాల్లో కనిపించేది ఈ నిష్పత్తే.

15. కొత్తచేరిక
అయితే హీలియం తేలిక కాబట్టి వేగంగా వచ్చి ఎక్కువ బదిలీ చేయాలి.

16. లెక్కలమాస్టారు
చేస్తుంది. రుబిడియంతో హీలియం సాపేక్ష వేగం సెకనుకు 1370 మీటర్లు, తాడన కాలంలో ఒకటిన్నర ఊగులు. క్రాస్‌సెక్షన్ సుమారు 0.1 చదరపు ఆంగ్‌స్ట్రామ్, అంటే ఆర్గాన్‌కు దాదాపు వంద రెట్లు.

17. వక్రరేఖ
మాసీ ప్రమాణాన్ని అంతగా నమ్మవద్దని కొత్తచేరిక గారికి మనవి. నేను పొటెన్షియల్ వక్రాలు లెక్కించే పనిలో ఉన్నాను. పై లెక్కలో 3 ఆంగ్‌స్ట్రామ్‌లు అని చేతికి వచ్చిన సంఖ్య వేశారు, దాన్ని 2 చేసినా 5 చేసినా ఎక్స్‌పొనెన్షియల్‌లో ఫలితం ఎక్కడికో పోతుంది. అదే కొలబద్దతో సీజియం, హీలియం జంటను కొలిస్తే 3.7 ఊగులు వస్తాయి, ఆర్గాన్, రుబిడియం జంటకు వచ్చినదానికన్నా తక్కువ. అయినా సీజియం, హీలియం క్రాస్‌సెక్షనే ఇంకా చిన్నది. నిజంగా నిర్ణయించేది దగ్గరి దూరాల్లో పరమాణు జంటకు ఉండే సిగ్మా (Σ), పై (Π) అనే రెండు రకాల స్థితులు విడిపోయే తీరు, ఆ విడిపోవడం స్పిన్, కక్ష్యల బంధాన్ని ఎక్కడ దాటిపోతుందన్నది. అంత దగ్గరికి చొచ్చుకు రాగలిగే వేగవంతమైన పరమాణువులే పని చేస్తాయి కాబట్టి ఈ క్రాస్‌సెక్షన్లు ఉష్ణోగ్రతతో నిటారుగా పెరుగుతాయి. 1968లో అలన్ గల్లఘర్ రుబిడియం, సీజియంలలో ఈ పెరుగుదలను కొలిచి చూపించారు.

18. లెక్కలమాస్టారు
3 ఆంగ్‌స్ట్రామ్‌లు చేతికి వచ్చిన సంఖ్యే, కాదనను. లక్ష రెట్ల తేడా ఏ వైపు ఉంటుందో చెప్పడానికి అది చాలు, మూడు రెట్ల తేడా చెప్పడానికి చాలదు. అంతవరకే నా వాదన.

19. పాతప్లేటు
సోడియం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. డి గీతల్లో ఒక్కదాన్నే వెలిగించి, వేరే వాయువు కలిపితే రెండోది కూడా వెలగడాన్ని ఆర్. డబ్ల్యూ. వుడ్ 1910ల లోనే చూశారు. లేజర్ లేదు, డయోడ్ లేదు. 589.0, 589.6 నానోమీటర్ల గీతలను విడదీసి ఒక్కదాన్నే సెల్లులోకి పంపడానికి ఆయన పడిన శ్రమను తలచుకుంటే, మనం నాబ్ తిప్పి గీత మార్చుకుంటూ ఫిర్యాదులు చేయడం కొంచెం సిగ్గుగా ఉంటుంది. తర్వాత 1960లలో కెనడాలోని విండ్సర్ విశ్వవిద్యాలయంలో క్రౌజ్ బృందం సోడియం నుంచి సీజియం దాకా ఒక్కో క్షార లోహాన్ని ఒక్కో జడవాయువుతో వరుసగా కొలిచింది. వేడిసెల్లు గారు పోల్చుకుంటున్న ప్రచురిత విలువలు చాలావరకు అక్కడివే అయి ఉంటాయి. అవి వెయ్యి రెట్లు తప్పడం నేను నమ్మను.

20. వేడిసెల్లు
అవి తప్పని నేనూ అనడం లేదు. నాది తప్పని నాకూ తెలుసు, ఏది తప్పో తెలియడం లేదు.

21. చీకటిగది
మొదటినుంచి చదివాను. భౌతికశాస్త్రం అంతా అయిపోయింది, దృశాశాస్త్రాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మూడు ప్రశ్నలు. మీ 795 ఫిల్టర్ ఎన్ని నానోమీటర్ల వెడల్పుది? అది కటకానికి ముందుందా, వెనకుందా? ఆ కటకం ఎఫ్ సంఖ్య (నాభ్యంతరాన్ని వ్యాసంతో భాగిస్తే వచ్చేది) ఎంత?

22. వేడిసెల్లు
ఇంటర్‌ఫియరెన్స్ ఫిల్టర్, వెడల్పు 10 నానోమీటర్లు. కాంతి ఎక్కువ రావాలని ఎఫ్/1.6 కటకం వాడాను. ఫిల్టర్ ఆ కటకానికి, డిటెక్టర్‌కు మధ్య ఉంది. 780 దగ్గర పదివేలలో ఒక వంతు మాత్రమే దాటనిస్తుందని దాని పత్రంలో ఉంది.

23. చీకటిగది
ఆ పత్రంలోని సంఖ్య ఫిల్టర్ మీద నిటారుగా పడే సమాంతర కాంతికి వర్తిస్తుంది. ఇంటర్‌ఫియరెన్స్ ఫిల్టర్‌ను వాల్చితే దాని కిటికీ పొట్టి తరంగదైర్ఘ్యాల వైపు జరుగుతుంది. మీరు ఫిల్టర్‌ను వాల్చలేదు, కిరణాలనే వాల్చారు. ఎఫ్/1.6 కటకం నుంచి ముడుచుకుంటూ వచ్చే శంకువులో అంచు కిరణాలు ఫిల్టర్ మీద 17 డిగ్రీలకు పైగా వాలి పడతాయి. ఫిల్టర్ పొరల సగటు వక్రీభవన గుణకం 1.8 అనుకుంటే ఆ కిరణాలకు కిటికీ కేంద్రం 795 నుంచి 784 నానోమీటర్లకు జరుగుతుంది. వెడల్పు 10 కాబట్టి కిటికీ 779 దాకా తెరిచి ఉంటుంది, 780 లోపలికి వచ్చేస్తుంది. అంచు వలయంలో వచ్చేది మొత్తం కాంతిలో పదో వంతు లోపే, అందులోనూ కొంతే దాటుతుంది. మీ 3 శాతం అదే.

రెండో దిశలో సున్నా ఎందుకో కూడా ఇక్కడే ఉంది. 780 ఫిల్టర్ కిటికీ వాలు కిరణాలకు 769 వైపు జరుగుతుంది, 795 నుంచి ఇంకా దూరం పోతుంది. అందుకని డి1 కాంతి కారదు.

24. సగటువేగం
నిష్పత్తి సాంద్రతతో మారకపోవడానికి కూడా ఇదే కారణం. చూస్తున్నది ఒకే కాంతిని, రెండు కిటికీల నుంచి.

25. ఆవిరిపొర
పరీక్షించడం సులువు. కటకం ముందు ఐరిస్ (రంధ్రాన్ని పెంచి తగ్గించగల తెర) పెట్టి వ్యాసాన్ని సగం చేయండి. 780 సంకేతం నాలుగో వంతు కావాలి. 795 సంకేతం నిజమైనదైతే అదీ నాలుగో వంతే కావాలి, దొంగదైతే ఒక్కసారిగా మాయం కావాలి.

26. వేడిసెల్లు
చేశాను. 780 నాలుగో వంతుకు తగ్గింది. 795 నాయిస్‌లో కలిసిపోయింది. ఐరిస్‌ను తెరుస్తూ పోతే చివరి రెండు మిల్లీమీటర్లలోనే ఆ 3 శాతం మళ్లీ ప్రత్యక్షమవుతోంది. మూడు వారాలు ఒక కటకం అంచును కొలుస్తూ కూర్చున్నానన్నమాట. చీకటిగది గారికి, సున్నాను పట్టుకున్న మాస్టారికి కృతజ్ఞతలు.

27. జారుడుబండ
ఆ సున్నాను సమర్థించింది నేనని ఎవరూ గుర్తుచేయనందుకు నేనూ కృతజ్ఞుణ్ణి.

28. మసిగాజు
ఈ బదిలీ లేజర్లు చేసేవాళ్లకు ప్రాణం. 2003లో లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో క్రుప్కే బృందం చూపించిన రుబిడియం లేజర్‌లో పంపు చేసేది, అంటే శక్తి ఎక్కించేది, డి2 మీద, లేజర్ వెలువడేది డి1 మీద. 780 ఫోటాను ఇచ్చి 795 ఫోటాను తీసుకుంటే శక్తిలో పోయేది 2 శాతం లోపే. కానీ పరమాణువు 26 నానోసెకన్లలో డి2 మీదే వెలిగిపోకముందు తాడనం దాన్ని కిందికి దించాలి. వాతావరణ పీడనం హీలియం పెట్టినా సెకనుకు 3 కోట్ల బదిలీలే, సహజ క్షయమేమో సెకనుకు 3.8 కోట్లు. అందుకని ఈథేన్ కలుపుతారు. నేనూ కలిపాను. సీజియం సెల్లులో పంపు శక్తి పెంచుతూ పోతే ఒక మధ్యాహ్నం లోపలి కిటికీ మీద, కిరణం పడేచోట సరిగ్గా ఆవగింజంత నల్లటి చుక్క వచ్చింది. వేడి క్షార లోహం ఈథేన్‌ను విరిచి మసి చేసింది. ఆ చుక్క కాంతిని పీల్చి మరింత వేడెక్కి పెద్దదైంది, సాయంత్రానికి కిటికీ బీటలిచ్చింది. హైడ్రోకార్బన్లు లేకుండా హీలియం పీడనాన్నే పెంచేవాళ్ల ఓపిక నాకు అప్పుడు అర్థమైంది.

29. గాజుగొట్టం
ఈథేన్ బదులు నైట్రోజన్ పెడితే?

30. మసిగాజు
నైట్రోజన్ స్థాయుల మధ్య బదిలీతో ఆగదు, ఉత్తేజాన్నంతా తన కంపనాల్లోకి లాక్కుని రుబిడియాన్ని నేరుగా భూస్థితికి, అంటే అట్టడుగు స్థాయికి, దించేస్తుంది. లేజర్‌కు అది నష్టం. ఆప్టికల్ పంపింగ్ (కాంతితో పరమాణువుల స్పిన్‌లను ఒకే దిశకు తిప్పడం) చేసేవాళ్లు అదే గుణం కోసం కావాలని నైట్రోజన్ పెడతారు, చిక్కుకున్న కాంతి స్పిన్ ధ్రువణాన్ని చెరపకుండా ఉండటానికి.

31. వేడిసెల్లు
ఇంకొక చిన్న సందేహం. ఒకసారి సెల్లు 130 డిగ్రీలు దాటినప్పుడు కిరణం దారిలో నీలి వెలుగు కనిపించింది. లోపల ఉన్నది 780 లేజర్ ఒక్కటే. అది కూడా నా కటకం పనేనా?

32. వక్రరేఖ
కంటితో చూశారు కాబట్టి కటకాన్ని ఈసారి వదిలేయండి. రెండు ఉత్తేజిత పరమాణువులు ఢీకొని, ఒకటి తన శక్తినంతా రెండోదానికి ఇచ్చి భూస్థితికి దిగిపోతుంది. రెండు 5పి 3/2 శక్తులు కలిపితే 25,633 వేవ్‌నంబర్లు. 5డి స్థాయి దానికి 70 వేవ్‌నంబర్ల ఎత్తులోనే ఉంది, ఆ కాస్తా పరమాణువుల చలనం సమకూరుస్తుంది. 5డి నుంచి 6పికి, అక్కడి నుంచి భూస్థితికి దిగేటప్పుడు 420 నానోమీటర్ల నీలి కాంతి వస్తుంది. సోడియంలో ఇలాంటి శక్తి సమీకరణను 1976లో పీసా నుంచి అల్లెగ్రిని బృందం ప్రచురించింది. మీ నీలి వెలుగు ఇదేనని రూఢి చేసుకోవాలంటే లేజర్ తీవ్రతను సగం చేయండి. తీవ్రత మరీ ఎక్కువ కాకపోతే అది దాదాపు నాలుగో వంతుకు పడాలి, ఎందుకంటే ఢీకొనడానికి ఉత్తేజిత పరమాణువులు రెండు కావాలి.

33. వేడిసెల్లు
పై పోస్టులన్నీ దృష్టిలో పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టాను. కటకానికి ముందే కాంతిని సమాంతరం చేసి ఫిల్టర్‌ను అక్కడికి మార్చాను. 200 టార్ హీలియం ఉన్న సెల్లు ఒకటి అరువు తెచ్చుకున్నాను. డి2 మీద ఉత్తేజపరిస్తే డి1 సంకేతం 18 శాతం. డి1 మీద ఉత్తేజపరిస్తే డి2 సంకేతం 12 శాతం. తిరుగు బదిలీని, రెండు జీవితకాలాలను కలిపి లెక్కిస్తే కిందికి క్రాస్‌సెక్షన్ 0.1 చదరపు ఆంగ్‌స్ట్రామ్, రేట్ల నిష్పత్తి 0.7.

34. లెక్కలమాస్టారు
ఆ 0.7 చూడగానే ప్రాణం లేచివచ్చింది. కాంతి చిక్కుకోవడాన్ని తీసివేయడానికి తక్కువ సాంద్రతల్లో కూడా కొలిచి సున్నా సాంద్రతకు పొడిగించండి. ఆర్గాన్ సంగతి ఏం చేస్తున్నారు?

35. వేడిసెల్లు
10 టార్ ఆర్గాన్‌లో రావలసింది లక్షకు నాలుగు వంతులు. నా ఫిల్టర్ సమాంతర కాంతికి కూడా లక్షకు పది వంతులు కారుస్తుంది. రెండో ఫిల్టర్ చేతికి వచ్చేదాకా ఆర్గాన్ సెల్లును డబ్బాలో పెట్టేశాను.